ఆగస్టు నెల ఫోటో

నారాయణగూడ చౌరస్తా దగ్గర కిషన్ రావు గారి ఫోటో స్టూడియో ఉండేదని చెబితే ఇప్పుడు చాలామందికి గుర్తు రాదు. ఆ జాగాలో సెల్‌ఫోన్ కవర్ల దుకాణం వచ్చింది. స్టూడియో నడిచిన రోజుల్లో ముందు గదిలో కిషన్ రావు ఫోటోలు తీసేవాడు. వెనక గదిలో త్రివేణి వాటిని దిద్దేది. ఇరవై ఏడేళ్లు ఆమె పని అదే.

చేరినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. అప్పట్లో నెగెటివ్‌ను గాజు పలక మీద పెట్టి, కింద లైటు వేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది గుంతలు పూడ్చాలి. తర్వాత కంప్యూటర్ వచ్చింది. చేతిలో పెన్సిల్ పోయి మౌస్ వచ్చింది గాని పని మారలేదు. పెళ్లిచూపులకు పంపే ఫోటోలో రంగు తేల్చాలి. పాస్‌పోర్టు ఫోటోలో చెవి పక్కన లేచిన వెంట్రుక తీసేయాలి. చనిపోయిన మనిషిది పెద్ద ఫోటో కావాలంటే, ఏదో పెళ్లి గుంపులోంచి ఆ ఒక్క మనిషినీ విడదీసి వెనక నీలం పరదా పెట్టాలి. ఒకసారి బర్కత్‌పుర నుంచి ఒక కుటుంబం వచ్చి, విడాకులైన అల్లుణ్ని గ్రూప్ ఫోటోలోంచి తీసేయమంది. త్రివేణి తీసేసి ఆ ఖాళీలో పూలకుండీ పెట్టింది. వాళ్లు ఎంతో మెచ్చుకున్నారు. ఆమెకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. ఆరున్నరకు గది తాళం వేసి, చిక్కడపల్లిలోని ఇంటికి నడిచి వెళ్లి అన్నం వండింది.

2022 డిసెంబరులో స్టూడియో మూతపడింది. కిషన్ రావుకు అప్పటికి డెబ్బై నాలుగు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఫోటో దిగడానికి ఎవరూ రావడం లేదు. చివరి రోజు ఆయన డిజిటల్ కెమెరాను, రెండు లెన్సులను ఒక పాత సంచిలో పెట్టి త్రివేణి చేతికిచ్చాడు.

"నేనేం జేస్త సార్ దీన్తోని?" అంది ఆమె. ఇన్నేళ్లలో ఆమె కెమెరా పట్టుకున్నది దుమ్ము తుడవడానికే.

"నేనుగూడ ఏం జేస్త బిడ్డా? ఇంట్ల పెడితే బూజు పడ్తది. తీస్కపో," అన్నాడాయన.

నెల తిరగకముందే ఆమెకు అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో పని దొరికింది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఆ గల్లీ నిండా ఉంటారు. వాళ్ల దరఖాస్తులకు ఫోటోలు, సంతకాలు కొలతకు కత్తిరించి ఎక్కించడం ఆమె పని. షాపు తెరిచేది పదకొండింటికి. ఆ జనవరిలోనే ఆమెకు షుగరుందని తేలింది. డాక్టరు పొద్దున్నే గంట నడవమన్నాడు. భర్త ఉమాకాంత్ మందుల షాపులో పనిచేస్తాడు, మాటలు తక్కువ మనిషి. రిపోర్టు చూసి, "నడు మరి," అన్నాడు. అంతే.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ మీదుగా, ఇందిరా పార్కు పక్కనుంచి, లోయర్ ట్యాంక్ బండ్ దాటి కట్టెక్కితే సరిగ్గా అరగంట. తిరిగి వస్తే గంట. మూడో రోజు ఎందుకో కెమెరా సంచి కూడా భుజాన వేసుకుంది. ఊరికే నడవడం ఆమెకు విసుగనిపించింది.

ఆ వారం తీసిన ఫోటోలన్నీ కిషన్ రావు ఇంటికి తీసుకువెళ్లి చూపించింది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. ప్రతి దాంట్లోనూ హుస్సేన్ సాగర్ మధ్యలోని బుద్ధుడు సరిగ్గా నడుమ, నిటారుగా ఉన్నాడు. తల పైన ఇంత ఖాళీ, భుజాలకు రెండు పక్కలా ఇంతింత ఖాళీ.

"బిడ్డా, గిది చెరువా, పాస్‌పోర్టు ఫోటోనా?" అన్నాడు. "రెండు చెవులు కనబడాలె అని చెప్పినవా ఏంది బుద్ధునికి?"

త్రివేణికి నవ్వొచ్చింది, కాస్త కష్టంగా కూడా అనిపించింది. "మరెట్ల తియ్యాలె సార్?"

"రోజూ ఒక్క తావుల్నే నిలబడు. నువ్వు అటు ఇటు ఉరకకు. చెరువే మారుతుంటది. కొన్ని దినాలు గట్ల జేసి సూడు."

ఆమె కట్ట మీద రెండు విగ్రహాల మధ్య, రెయిలింగు పెయింటు లేచిపోయిన ఒక చోటు ఎంచుకుంది. పొద్దుటి ఎండ వీపు వెనక నుంచి వస్తుంది. ఎదురుగా నీళ్లు, ఎడమకు దూరంగా సెక్రటేరియట్ గుమ్మటాలు, నీళ్లకు అవతల నెక్లెస్ రోడ్డు చెట్లు. జనవరిలో పొగమంచుకు అవేవీ కనిపించలేదు. బుద్ధుడు నడుము నుంచి పైకే ఉన్నాడు, కింద ఏమీ లేదు. లైటు స్తంభానికి తెగిన గాలిపటం దారం చుట్టుకుని ఉంటే అది కూడా ఫోటోలో పడింది. షాపు కంప్యూటర్‌లో చూసుకున్నప్పుడు ఆ దారాన్ని తీసేయాలని వేలు మౌస్ మీదికి పోయింది. కొంచెం ఆగి, ఉండనిద్దామనుకుంది.

ఫిబ్రవరిలో నీళ్లు కదలకుండా పడుకున్నాయి. మార్చిలో కట్ట కింది వేప చెట్లు ఆకు రాల్చి మళ్లీ చిగురించాయి. ఆ సన్న పూత వాసనకు నడిచేవాళ్లు ఒక్క క్షణం నెమ్మదించేవారు. ఏప్రిల్ చివరికి నీళ్లు వెనక్కి తగ్గి, ఒడ్డు రాళ్లకు తెల్లటి గీతలు తేలాయి. మే వచ్చేసరికి చెరువంతా ఎవరో డబ్బాలతో గుమ్మరించినట్టు ఆకుపచ్చ రంగు. కంపుకు నడిచేవాళ్లు ముక్కుకు దస్తీలు కట్టుకున్నారు. ఒక తురాయి కొమ్మ మాత్రం ఎర్రగా విరగబూసి ఆ పచ్చ నీళ్ల మీదికి వంగింది. త్రివేణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒంటి చేత్తో ఆ ఫోటో తీసింది. ఆమెకు అది నచ్చింది. ఎందుకు నచ్చిందో అడిగితే చెప్పలేకపోయేది.

షాపులో తీరిక దొరికినప్పుడు వీటిని కంప్యూటర్‌లో తెరిచి చూసుకునేది. పక్క బిల్డింగులో కోచింగ్ సెంటర్ నడిపే ప్రహ్లాద్ ఒక రోజు ప్రింట్ల కోసం వచ్చి, ఆమె భుజం మీదుగా చూశాడు. నలభై ఏళ్ల మనిషి, హుషారైనవాడు, అందరినీ వరసలు కలిపి పిలుస్తాడు.

"అక్కా, మీరే తీసిన్రా ఇవి? కిరాక్ ఉన్నయి! ఒక పని చేద్దాం. ఏటేటా మేం క్యాలెండర్ వేస్తం గదా, ఈసారి పన్నెండు నెలలూ మన ట్యాంక్ బండే. నెలకొకటి ఇయ్యుండ్రి. కింద మీ పేరు వేయిస్త."

తన పేరు అచ్చులో పడుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ సాయంత్రం ఉమాకాంత్‌కు చెప్పింది. అతను పళ్లెంలోంచి తలెత్తి, "ఇంటిపేరు గూడ వేస్తరా?" అని అడిగాడు. అతనికి అది సంతోషమని ఆమెకు తెలుసు.

జూలైలో వారం రోజులు ఎడతెగని వాన పడింది. చెరువు నిండి నీళ్లు ఎర్రబడ్డాయి. తూముల్లోంచి వదిలిన నీళ్లతో అశోక్‌నగర్ నాలా గోడలంచుదాకా పొంగి, రోడ్డు మీది మాట వినపడనంత చప్పుడు చేసింది. జిరాక్స్ షాపు రెండు మెట్లు మునిగాయి. వాన వెలిసిన పొద్దున ఆమె కట్టెక్కితే, ఒడ్డు పొడవునా గుర్రపు డెక్క తెప్పలు తెప్పలుగా వచ్చి ఆగింది. వానకు కొట్టుకొచ్చిన సీసాలు, చెప్పులు, థర్మాకోల్ ముక్కలు అందులో ఇరుక్కున్నాయి. కాంట్రాక్టు కూలీలు పొడుగు కొక్కేలతో దాన్ని లాగుతున్నారు.

వాళ్లలో ఒకామె పైకి చూసి కేకేసింది. "ఏం దీస్తున్నవ్ అమ్మా?"

"చెరువు."

"చెరువుల ఏమున్నది తీయనీకి? కంపు గూడ వస్తదా ఫోటోల?"

"రాదక్కా. అదొక్కటే రాదు."

ఆమె పకపకా నవ్వింది. ఆమె పేరు తిమ్మమ్మ. మహబూబ్‌నగర్ జిల్లాలో కోయిలకొండ దిక్కు. భర్త దాసయ్యతో పట్నం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అతను తాపీ పని దగ్గర కూలి. కవాడిగూడ వెనక బస్తీలో రేకుల గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. ఈ వివరాలన్నీ ఒక్క రోజులో తెలిసినవి కావు. తిమ్మమ్మ గట్టుకొచ్చి చాయ్ తాగే పది నిమిషాల్లో, రోజుకు కొంచెం కొంచెం. త్రివేణి చక్కెర లేని చాయ్ తాగడం చూసి తిమ్మమ్మ జాలిపడేది.

"నీదొక్క ఫోటో తీస్త, నిలబడక్కా," అంది త్రివేణి ఒక రోజు.

"ఇప్పుడొద్దు, చీర మంచిగ లేదు. నాకు ఫోటో అంటే ఆధార్ల ఉన్నది గదే. అండ్ల దొంగ లెక్క ఉన్న నేను."

నిలబడి దిగనని చెప్పిన మనిషి, ఆగస్టు రెండో వారంలో ఒక పొద్దున తెలియకుండానే ఫోటోలో పడింది. ఆకాశమంతా నల్లటి మబ్బు. ఒకచోట మాత్రం మబ్బు చిరిగి, ఎండ ఏటవాలుగా నీళ్ల మీద పడింది. ఆ వెలుతురులోకి సగం నిండిన పడవ వచ్చింది. వెనక ఇద్దరు మనుషులు గెడలు వేస్తున్నారు. ముందు కొనలో తిమ్మమ్మ చీర కుచ్చిళ్లు పైకి చెక్కి, వంగి, కొక్కెంతో ఒక పెద్ద తెప్పను లాగుతోంది. దాని మీద ఊదా పూలున్నాయి. బరువుకు పళ్లు బిగించి ఒక్కసారి ఇటు తిరిగింది. త్రివేణి మీట నొక్కింది.

అది ఆమె తీసినవాటన్నిటిలోకీ మంచిదని కిషన్ రావు కూడా ఒప్పుకున్నాడు. ఆయన చాలాసేపు చూసి, "గిది నేను తియ్యకపోతి," అన్నాడు.

మర్నాడు త్రివేణి కెమెరా వెనకనున్న చిన్న తెరలో ఆ ఫోటో తిమ్మమ్మకు చూపించింది. బయట వెలుతురుకు అందులో సరిగా కనపడలేదు.

"ఇది క్యాలెండర్ల వస్తదక్కా. ఆగస్టు నెలంతా నువ్వే."

"నెలంతనా?"

"ముప్పయ్యొక్క దినాలు."

తిమ్మమ్మ ఆ సంగతి బస్తీ అంతా చెప్పింది. ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. తర్వాత నెలంతా కట్ట మీద త్రివేణి కనిపిస్తే చాలు, మిగతా కూలీలు "ఆగస్టు, ఆగస్టు" అని తిమ్మమ్మను పిలిచి ఆట పట్టించేవాళ్లు.

సెప్టెంబరులో నిమజ్జనమైన మర్నాటి పొద్దున క్రేన్లు ఇంకా కట్ట మీదే ఉన్నాయి. నీళ్లలో రంగులు సుడులు తిరుగుతూ, కొయ్య చట్రాలు, బంతి దండలు తేలుతున్నాయి. అక్టోబరులో బతుకమ్మల తంగేడు పూలు ఒడ్డున పసుపు చారలా నిలిచాయి. నవంబరు మొదటి వారంలో గాలి చల్లబడి నీళ్లు మళ్లీ తేటపడ్డాయి. డిసెంబరుకు ముందే క్యాలెండర్ అచ్చుకు పోవాలి కాబట్టి పోయిన చలికాలంలో తీసినవాటిలో మిగిలిన ఒకటి ఆ నెలకు పెట్టింది. పన్నెండూ వరసగా పేర్చి ప్రహ్లాద్‌కు చూపించింది.

అతను నిజంగానే సంతోషపడ్డాడు. రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"అక్కా, రెండు మూడు చిన్న చిన్న మార్పులు. మే నెల నీళ్లు పచ్చగున్నయి, అవి జర నీలం చేయండి. సెప్టెంబరుల ఆ కట్టెలు తీసేయండి. ఇగ ఆగస్టు. మబ్బు సూపర్ ఉన్నది, వెలుతురు సూపర్ ఉన్నది. ఈ పడవ, ఈ ఆడామె, చెత్త, ఇవి తీసేస్తే ఖతర్నాక్ ఉంటది."

"ఆమెను తీసేయాల్నా?"

"పిల్లలు పొద్దుగాల లేచి గోడ దిక్కు చూస్తరు గదక్కా. ఫ్రెష్‌గ ఉండాలె. చెత్త ఎత్తుడు చూసి ఏం చదువుతరు? మీకు పది నిమిషాల పని."

పది నిమిషాల పనే. అతను వెళ్లాక త్రివేణి ముందు మే నెల ఫోటో తెరిచింది. పచ్చను నీలం చేసింది. తురాయి పూల ఎరుపు దెబ్బ తినకుండా అంచులు జాగ్రత్తగా కాపాడింది. సెప్టెంబరులో చట్రాలు తుడిచేసి, దండలు ఉంచింది. చేతికి అలవాటైన పని కాబట్టి మనసు ఎటూ పోలేదు. తర్వాత ఆగస్టు తెరిచింది. మొదట వెనకనున్న ఇద్దరినీ, వాళ్ల గెడలనూ తీసేసింది. పడవలోని గుర్రపు డెక్కను, నీళ్ల మీది పూల తెప్పను, ఆ తర్వాత పడవను తీసేసింది. చివరికి కొక్కెం పట్టుకుని నీళ్ల మీద వంగి తిమ్మమ్మ ఒక్కతే మిగిలింది. పక్కనున్న నీళ్ల ముక్క తెచ్చి ఆమె కాళ్ల మీద కప్పింది. తర్వాత నడుము, చేతులు, ఆఖరున ముఖం. నీళ్లు కలిసిపోయాయి. ఎంత వెతికినా అతుకు దొరకదు. అక్కడ ఒక మనిషి ఉండేదని అదే పడవలో పనిచేసినవాళ్లు కూడా చెప్పలేరు.

త్రివేణి చేయి మౌస్ మీద అట్లాగే ఉండిపోయింది. బర్కత్‌పుర అల్లుడు గుర్తొచ్చాడు. అతని ముఖం ఎట్లా ఉండేదో గుర్తు రాలేదు. పూలకుండీ మాత్రం గుర్తుంది. ఒక ప్రింటు కోసం ఎవరో పిల్ల గట్టిగా పిలిచేదాకా అట్లా కూర్చుని, ఆ ఫైలును భద్రపరచకుండా మూసేసింది.

మర్నాడు ప్రహ్లాద్‌తో, "ఆగస్టు ఫోటో ఇయ్యను తమ్మీ," అంది.

"అదేందక్కా?"

"ఆమెకు చెప్పిన నేను. నీ ఫోటో వస్తదని."

"ఎవరామె, మీ చుట్టమా?"

"కాదు."

"మరేందక్కా, ఒక్క ఫోటోకు ఇంత పరేషాన్? పోనీ, ఆగస్టుది ఇంకోటి లేదా?"

ఉంది. ఆ నెలలో తీసినవి నలభై దాకా ఉన్నాయి. "లేదు," అంది త్రివేణి.

ప్రహ్లాద్ కోపం తెచ్చుకోలేదు. కాసేపు తల గోక్కుని, సరేనని లేచాడు. క్యాలెండర్ డిసెంబరు మూడో వారంలో వచ్చింది. పదకొండు నెలల కింద సన్న అక్షరాల్లో ఆమె పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఆగస్టులో ఆ ఏడాది ఉద్యోగాలొచ్చిన ఇరవై నలుగురు విద్యార్థుల ముఖాలున్నాయి, రెండు చెవులూ కనిపించేలా. ఆ ముఖాల్లో సగం త్రివేణి దిద్దినవే. ఉమాకాంత్ ఒక క్యాలెండర్‌ను మందుల షాపులో తన కౌంటరు వెనక తగిలించాడు. పేజీలు తిప్పి మే నెల చూసి ఎవరో "మన చెరువు ఎండకాలంల గూడ ఎంత నీలంగున్నదో" అన్నారని ఇంటికొచ్చి చెప్పాడు. త్రివేణి లేచి వంటింట్లోకి పోయింది. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైంది.

తిమ్మమ్మకు చెప్పడం మిగిలింది. ఆ పనిని రెండు వారాలు వాయిదా వేసింది. ఆ రోజుల్లో కట్ట మీద అసలు చోటు వదిలేసి అవతలి కొస దాకా నడిచి వచ్చేసేది. చివరికి ఒక ఆదివారం పొద్దున ఆగస్టు ఫోటోను పెద్దదిగా ప్రింటు వేయించి, అట్టకు అంటించి, కవాడిగూడ బస్తీకి వెతుక్కుంటూ వెళ్లింది. తిమ్మమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. దాసయ్య మంచం మీద నుంచి లేచి, కూర్చోమని స్టూలు వేశాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు ముగ్గురు నలుగురు చేరారు.

"క్యాలెండరా?" అంది తిమ్మమ్మ.

"కాదక్కా. క్యాలెండర్ల రాలేదు." త్రివేణి దారంతా ఇంకో రకంగా చెప్పాలని కూడబలుక్కుంటూ వచ్చింది. తీరా ఉన్నదున్నట్టే వచ్చేసింది. "నిన్ను తీసేసి ఇయ్యమన్నరు. నేను ఇయ్యనన్న."

తిమ్మమ్మ చేట పక్కన పెట్టింది. "తీసేసి ఇయ్యరాదు? నీ పని అయితుండె గదా."

త్రివేణి ఎదురుచూసింది కోపం, లేదా కన్నీళ్లు. తిమ్మమ్మ ముఖంలో ఆ రెండూ లేవు. చేతులు చీరకు తుడుచుకుని ఫోటో అందుకుంది. దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. పక్కింటి ఆశమ్మ మెడ చాచి, "మబ్బు ఎంత మంచిగున్నదే," అంది.

"గింత నల్లగున్ననా నేను?" అంది తిమ్మమ్మ.

"ఉన్నట్టే వచ్చినవ్," అన్నాడు దాసయ్య. అందరూ నవ్వారు. తిమ్మమ్మ నవ్వలేదు.

"ఇన్నేండ్లు స్టూడియోల అందర్ని తెల్లగ జేసినవని నువ్వే జెప్తివి గదమ్మా. నన్ను జర చెయ్యరాదు? పండ్లు గూడ బిగవట్టిన. ఊర్ల మా చెల్లెకు పంపుడెట్ల దీన్ని?"

త్రివేణి ఆ ఫోటోను తిరిగి తెచ్చుకుంది. రెండు రోజులు దాని జోలికి పోలేదు. ఏమీ చేయకుండా ఉంచడమే సరైనదని ఆమెకు గట్టిగా అనిపించింది. ఫోటో ఎవరిదని తనను తాను అడుగుకుంటే మాత్రం జవాబు తెగలేదు. కిషన్ రావును అడిగింది. ఆయన, "ఆమె ముఖం ఆమెది. చెరువు నీది. గంతే," అని టీవీ వైపు తిరిగాడు. మూడో రోజు ఆమె తిమ్మమ్మ ముఖాన్ని ఒక్క ఛాయ తేల్చింది. నుదుటి మీది చెమట అట్లాగే ఉంచింది. పళ్ల జోలికి పోలేదు. బిగించిన పళ్లు దిద్దితే బరువు లాగుతున్న చేతులు అబద్ధమైపోతాయి. రెండు ప్రింట్లు వేసి ఇచ్చింది. తిమ్మమ్మ ఇంకొంచెం తెల్లగా చేసి ఉండాల్సిందని అంది. అయినా ఒకటి ఊరికి పంపింది. ఇంకోటి దాసయ్య రేకుల గది గోడకు మేకు కొట్టి తగిలించాడు.

ఎండాకాలంలో కాంట్రాక్టు మారింది. కొత్తవాళ్లు తమ మనుషులను తెచ్చుకున్నారు. తిమ్మమ్మ ఇప్పుడు అడిక్‌మెట్ దగ్గర ఒక అపార్టుమెంటు పనిలో ఇసుక మోస్తోంది. నెలకోసారైనా జిరాక్స్ షాపు ముందు ఆగి, మెట్ల మీద కూర్చుని, చెప్పులు దులుపుకుని పోతుంది. కట్ట మీద కంటే ఇక్కడ ఎండ ఎక్కువని, గాలి ఉండదని చెబుతుంది.

ప్రహ్లాద్ మరుసటి ఏడాది కూడా అడిగాడు. త్రివేణి వద్దంది. అతను కొండల ఫోటోలు ఎక్కడినుంచో తెచ్చి వేసుకున్నాడు. ఇద్దరి మధ్యా మాటలు మామూలుగానే ఉన్నాయి. ఆమె పొద్దున నడక మానలేదు. షుగరు కొంత దిగింది. ఆదివారాలు ఉమాకాంత్ కూడా వస్తున్నాడు, బెంచీ మీద పేపరు చదువుతూ కూర్చుంటాడు. ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. నీళ్లు ఒడ్డు రాళ్లకు ఇంకా రెండు బారల దూరంలో ఉన్నాయి. జూలై ఫోటో కోసం ఆమె మబ్బు చూస్తోంది.